కెమెరా కొన్నాం సరే, బొమ్మను దాచేదెవరు?

మొన్నటి వేసవి సెలవుల్లో మా మేనకోడలు మదనపల్లెలోని మా ఇంటికి వచ్చి, అటక మీది పెట్టె దించి, అందులోనుండి నా పాత డిజిటల్ కెమెరాను పైకి తీసింది. 2004లో కొన్నది, మూడు మెగాపిక్సెళ్ళది, నాలుగు పెన్సిల్ సెల్లులతో నడిచేది. ఈ తరం పిల్లలకు అటువంటి కెమెరాల మీద మళ్ళీ మోజు పుట్టింది. వాటి బొమ్మల్లోని రంగులు ఫోనులో రావంటారు. "మామా, దీనికి ఏ కార్డు కొనాలి?" అని అడిగింది.

ఇరవై యేళ్ళనాడు నేనూ సరిగ్గా ఇదే ప్రశ్న పట్టుకొని అంగళ్ళ వెంట తిరిగాను. అది సగం ప్రశ్న మాత్రమేనని ఆలస్యంగా తెలిసింది. ఏ కార్డు అని అడగడానికి ముందు, తీసిన బొమ్మను ఎవరు దాస్తారు అని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు దొరికితే కార్డు సంగతీ, సెల్లుల సంగతీ, తక్కిన సరంజామా సంగతీ దానంతటవే తేలిపోతాయి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. అయితే ఇంత చిన్న మాట నాకు ఎలా తెలిసివచ్చిందో చెప్పకపోతే అది వట్టి నీతివాక్యంగా మిగిలిపోతుంది.

ఫిల్ము కాలంలో ఈ ప్రశ్నే పుట్టలేదు. పెళ్ళయినా, పేరంటమైనా స్టూడియో ఆయన వచ్చేవాడు, రీలు కడిగి బొమ్మలు అచ్చువేసి ఇచ్చేవాడు. నెగెటివ్‌ను కాగితపు కవరులో పెట్టి, పైన అంకె వేసి, తన బీరువాలో దాచుకొనేవాడు. పదేళ్ళ తరువాత వెళ్ళి అడిగినా వెతికి మరొక ప్రతి తీసి ఇచ్చిన స్టూడియోలను నేనెరుగుదును. బొమ్మ తీయడం, అచ్చువేయడం, దాచడం అనే మూడు పనులూ ఒకరి చేతిలోనే ఉండేవి. మనం డిజిటల్ కెమెరా కొన్ననాడు మొదటి పని సంతోషంగా మన చేతికి తీసుకొన్నాం. మూడో పని కూడా దానితోపాటే మన నెత్తిన పడిందని గమనించలేదు. అంగడివాడు చెప్పలేదు, పెట్టెలో పెట్టిన పుస్తకమూ చెప్పలేదు.

నా కెమెరాతోపాటు ఉచితంగా వచ్చింది 16 ఎమ్‌బీల కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు. మంచి నాణ్యతతో తీస్తే ఒక్కొక్క బొమ్మ ఎమ్‌బీకి పైగా ఉండేది. అంటే కార్డులో పట్టేవి పదీ పన్నెండూ. ముప్ఫై ఆరు బొమ్మల రీలుకు అలవాటుపడిన చేతికి ఇది పరమ దరిద్రంగా తోచింది. పెద్ద కార్డు కొనాలంటే ఆ రోజుల్లో మా ఊరివాళ్ళం బెంగుళూరుకు వెళ్ళాలి. కుప్పంవాళ్ళకు రైలు ఎక్కితే అటు బెంగుళూరు, ఇటు మద్రాసు రెండూ అందుబాటే. పుంగనూరువాళ్ళకూ మాకూ బస్సే గతి.

అక్కడికి వెళితే మరొక చిక్కు. కార్డులు ఒక జాతివి కావు. 1994లో వచ్చిన కాంపాక్ట్‌ఫ్లాష్ మందంగా, గట్టిగా ఉండేది. మరుసటి యేడు వచ్చిన స్మార్ట్‌మీడియా అట్టముక్కలా పలుచన. 128 ఎమ్‌బీల దగ్గర దాని కథ ముగిసింది. సోనీ సంస్థ 1998లో తనదే అయిన మెమరీ స్టిక్కును తెచ్చింది. 1999లో పానసోనిక్, శాన్‌డిస్క్, తోషిబా కలిసి ఎస్‌డీ కార్డును ప్రకటించాయి. 2002లో ఒలింపస్, ఫ్యూజీ సంస్థలు ఎక్స్‌డీ అనే మరొక చిన్న కార్డును తెచ్చాయి. ఒకదాని గూట్లో మరొకటి పట్టదు. కెమెరా కొన్నవాడు తనకు తెలియకుండానే ఒక కార్డు జాతికి కట్టుబడిపోయేవాడు. 2010 నాటికి సోనీ, ఒలింపస్ కూడా ఎస్‌డీకి చోటిచ్చాయి. తక్కిన కార్డులను నమ్ముకొన్నవారి బొమ్మలు ఆ కార్డులతోపాటే సొరుగుల్లో ఉండిపోయాయి.

నేను మాత్రం ఉన్న డబ్బంతా పెట్టి 256 ఎమ్‌బీల కార్డు ఒక్కటే కొన్నాను. సెల్లులకు డబ్బు మిగలలేదు. బస్టాండు అంగట్లో దొరికే మామూలు సెల్లులే వేసుకొన్నాను. కార్డు రీడరు అనే వస్తువు అవసరమని అనిపించనే లేదు; కెమెరాతో ఇచ్చిన తీగ ఉండనే ఉంది కదా అనుకొన్నాను.

2005 వేసవి మొదట్లో పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర. కుప్పం దగ్గరి పల్లెనుండి మా అవ్వ కూడా వచ్చి మా అత్త ఇంట దిగింది. ఫోటో అంటే కొంగు అడ్డం పెట్టుకొనే మనిషి, ఆ రోజెందుకో నవ్వుతూ కూర్చుంది. అరుగు మీద, వంటింట్లో, మునిమనవడిని ఒళ్ళో పెట్టుకొని, ముప్ఫై దాకా తీశాను. చివరి బొమ్మ కార్డులోకి ఎక్కుతుండగా సెల్లులు అయిపోయి కెమెరా ఆరిపోయింది. కొత్త సెల్లులు వేసి చూస్తే, కార్డు చదవడానికి వీలులేదు, ఫార్మాట్ చేయమంటావా అని అడిగింది. బయట అమ్మవారి ఊరేగింపు కదులుతోంది. ఉన్న కార్డు అదొక్కటే. చేయమన్నాను. ఊరేగింపును నూట యాభై బొమ్మలు తీశాను.

ఆ రోజుకు నాకు తెలియని సంగతి ఒకటుంది. చాలా కెమెరాల్లో ఫార్మాట్ చేస్తే బొమ్మలు వెంటనే చెరిగిపోవు. ఏ బొమ్మ ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రమే పోతుంది. కార్డును పక్కన పెట్టేసి ఉంటే, ఫోటోరెక్ వంటి ఉచిత సాఫ్టువేరుతో వాటిని తిరిగి తీయడానికి అవకాశం ఉండేది. అవ్వ బొమ్మల మీద అమ్మవారి బొమ్మలు రాసేశాను గనుక ఆ దారీ మూసుకుపోయింది. మరుసటి యేడు అవ్వ పోయింది.

ఇక్కడ కుప్పం సంగతి చెప్పాలి. 2002లో హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే ప్రయోగం మొదలుపెట్టింది. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచారు. అందులో భాగంగానే స్వయంసహాయక బృందాల మహిళలు కొందరికి ఫోటోలు తీయడం నేర్పారు. వారి చేతికి ఇచ్చిన సరంజామాను తలచుకొంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే. డిజిటల్ కెమెరా ఒక్కటే ఇవ్వలేదు. దానితోపాటు భుజాన మోసుకుపోగల చిన్న ప్రింటరు, ఎండతో నిండే బ్యాటరీ ఇచ్చారు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని పల్లెలో, స్టూడియో లేని పల్లెలో, ఆ మహిళ బొమ్మ తీసి అక్కడికక్కడే కాగితం మీద అచ్చువేసి చేతికిచ్చేది. గుర్తింపు కార్డులకూ, పెళ్ళిళ్ళకూ, పసిపిల్లలకూ తీసి నాలుగు డబ్బులు సంపాదించుకొనేది.

ఆ ప్రయోగం మొత్తంగా సఫలమా విఫలమా అన్న చర్చ వేరు. సంస్థ వెళ్ళిపోయాక ఏం మిగిలిందని అడిగేవారి ప్రశ్నలో న్యాయముంది. నాకు ముఖ్యమైనది ఆ సరంజామాలోని క్రమం. దాన్ని కూర్చినవారు కార్డులో ఎన్ని బొమ్మలు పడతాయన్న దగ్గర ఆగలేదు. కెమెరాకు ప్రాణం ఎక్కడినుండి వస్తుంది, బొమ్మ చివరికి ఎవరి చేతికి చేరుతుంది అన్న రెండు కొసలూ ముందు పట్టుకొన్నారు. కార్డు ఆ రెంటి మధ్య ఉన్న మజిలీ. నేను మజిలీకి మేడ కట్టి, రెండు కొసలూ వదిలేశాను. మా అవ్వ ముఖం నేడు మా ఇంటి గోడ మీద ఉందంటే, అది అటువంటి ఒకామె పల్లెలో తీసి అరచేతిలో పట్టేంత కాగితం మీద అచ్చువేసి ఇచ్చిన బొమ్మే. నేను తీసిన ముప్ఫైలో ఒక్కటీ లేదు.

కాబట్టి పాత కెమెరాకు సామాను కొనేవారికి నేను చెప్పే వరుస ఇది. మొదటి డబ్బు సెల్లులకు. మామూలు సెల్లులు ఈ కెమెరాల ఆకలికి ఆగవు. కొద్ది బొమ్మలకే చేతులెత్తేస్తాయి. నికెల్ మెటల్ హైడ్రైడ్ రకపు రీఛార్జి సెల్లులు రెండు జతలూ, మంచి ఛార్జరూ కొనాలి. పాత రకాలు వాడకపోయినా వారాల్లో నీరసించేవి. 2005లో సాన్యో తెచ్చిన ఎనెలూప్ తరువాత నెలల తరబడి శక్తి నిలుపుకొనేవి వచ్చాయి, వాటినే ఎంచుకోవాలి. ప్రత్యేకమైన లిథియం బ్యాటరీతో నడిచే కెమెరా అయితే, ఆ బ్యాటరీ ఇంకా దొరుకుతుందో లేదో ముందు తేల్చుకొన్నాకే కార్డు జోలికి పోవాలి.

రెండో డబ్బు కార్డులకు. బహువచనం కావాలనే వాడుతున్నాను. పెద్దది ఒకటి కాదు, చిన్నవి రెండు. రీలు పాడైతే ముప్ఫై ఆరు బొమ్మలే పోయేవి. ఆ హద్దు మనల్ని కాపాడేదని రీలు పోయాకే తెలిసింది. ఒక కార్డు మొరాయిస్తే దాన్ని ముట్టుకోకుండా జేబులో వేసుకొని, రెండోది పెట్టుకొని పని సాగించవచ్చు. నాడు నా దగ్గర రెండో కార్డు ఉండి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన పనే ఉండేది కాదు. పైగా పాత కెమెరా పెద్ద కార్డును ఒప్పుకోదు కూడా. 2 జీబీలకు మించిన ఎస్‌డీహెచ్‌సీ కార్డులు 2006లో వచ్చాయి. అంతకు మునుపటి కెమెరాలకు సాధారణంగా వాటి భాష తెలియదు. నేడు అంగట్లో సులభంగా దొరికే 32 జీబీ, 64 జీబీ కార్డులు వాటికి నిరుపయోగం. 2 జీబీలు గానీ, ఇంకా తక్కువ గానీ వెతికి కొనాలి. కొన్నాక నిండా బొమ్మలు ఎక్కించి, కంప్యూటరులో అన్నీ తెరిచి చూడాలి. పైన రాసిన అంకెకూ లోపలి చోటుకూ పొంతనలేని నకిలీ కార్డులు ఆనాడూ ఉన్నాయి, ఈనాడూ ఉన్నాయి.

మూడోది కార్డు రీడరు. తీగతో కెమెరాను కంప్యూటరుకు కలిపితే పాత యూఎస్‌బీ నత్తనడక నడుస్తుంది. ఆ సేపంతా కెమెరా సెల్లులు కరిగిపోతుంటాయి. రీడరుకు సెల్లులు అక్కరలేదు. సంచి, మూతలు, లెన్సు తుడిచే గుడ్డ ఇవన్నీ ఆ తరువాతి మాట. మా ప్రాంతపు వేసవి దుమ్ము ఎరిగినవాడిని గనుక సంచి వద్దనను, వరుసలో చివరిదంటాను.

ఇదంతా గతించిన వస్తువుల మీద ఎందుకింత చర్చ, నేడు బొమ్మలన్నీ ఫోనులోనుండి నేరుగా ఎక్కడో సర్వరులోకి పోతున్నాయి కదా అని కొందరనవచ్చు. ఆ సౌకర్యాన్ని నేను కాదనను. కానీ దాచే పనిని మళ్ళీ ఒకరికి అప్పగించామన్నమాటే అది. స్టూడియో ఆయన ముఖం తెలుసు, అంగడి ఎక్కడో తెలుసు. ఈ కొత్త బీరువా తాళం ఎవరి దగ్గరుందో, సంకేతపదం మరచిననాడు ఎవరిని అడగాలో ఎంతమందికి తెలుసు? సీడీల్లో దాచి నిశ్చింతగా ఉన్నవారి సంగతీ చూశాం. నేటి ల్యాప్‌టాపుల్లో చాలావాటికి సీడీ పెట్టే చోటే లేదు. ఏ పెట్టె అయినా పదేళ్ళకొకసారి తెరిచి కొత్త పెట్టెలోకి మార్చుకోవలసిందే.

మా ఊరి బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో 1919 ఫిబ్రవరిలో ఠాగూరు 'జనగణమన'ను ఇంగ్లీషులోకి తర్జుమా చేశాడు. ఆయన చేతివ్రాతను నేడు మనం చూడగలుగుతున్నామంటే, దానికి ప్రతిరూపాలు తీసి పదిచోట్ల ఉంచినందువల్లనే. కాగితం గొప్పదని కాదు. ఒక్కచోటే ఉన్నది ఏదైనా, ఉన్నట్టే గానీ ఉన్నది కాదు.

మేనకోడలికి చివరికి ఇదే చెప్పాను. కార్డు కొనడానికి ముందు అటక మీది ఆ పెట్టెలో ఇంకా ఏ కార్డులున్నాయో చూడమన్నాను. ఫ్లాష్ మెమరీలోని విద్యుదావేశం ఏళ్ళు గడిచేకొద్దీ సన్నగిల్లుతుంది. ఇరవై యేళ్ళుగా మూలపడిన కార్డు ఇంకెన్నాళ్ళు పలుకుతుందో చెప్పలేం. మూడు కార్డులు దొరికాయి. రీడరు కొనుక్కొచ్చి రెండు చోట్లకు ఎక్కించాం. ఒకదానిలో ఆ జాతర ఊరేగింపు ఉంది. నూట యాభై బొమ్మలూ భద్రంగా ఉన్నాయి. ఇద్దరం ఒక్కొక్కటీ చూశాం. అవ్వ ఆనాడు గుంపులో ఎక్కడైనా నిలబడి ఉంటుందేమోనని ఇంకా వెతుకుతూనే ఉన్నాను.