గడప యెదుటి బాట

ఇల్లు కట్టించుకొనువారు గోడల రంగులపై చూపు శ్రద్ధలో నాలుగవ వంతైనను గడప నుండి వీధి వరకు గల పది గజముల నేలపై చూపరు. వాన కురిసి, బండి చక్రము బురదలో దిగబడిన పిమ్మట గాని దాని సంగతి జ్ఞప్తికి రాదు. మరిపెడ వంటి ఊళ్లలో ఈ చిన్న బాటను ఇంటిల్లిపాదియు కలసి వేసికొనుట మేలు. కూలి డబ్బులు మిగులునని మాత్రమే కాదు. ఆ పనిలో పెద్దలును పిల్లలును నేర్వదగిన పాఠ మొకటి కలదు.

పని కష్టమైనది కాదు గాని క్రమము తప్పరాదు. పైనున్న మెత్తని మట్టిని జానెడు లోతున తీసివేసి, అడుగు నేలను దిమ్మిసతో గట్టిపరచి, కంకర పరచి, దానిపై మొరము పోయవలెను. పలుచగా నీరు చల్లుచు మరల దిమ్మిస కొట్టవలెను. ఒక్కసారిగా పోసినది పైపైననే గట్టిపడును. పొరలు పొరలుగా పోసినదే నిలుచును. నడుమ కొంచెము మిట్టగా నుండి, బాట ఇరుప్రక్కలకును వాలవలెను. వాననీరు ఏ మూల నుండి వచ్చునో తాతకు తెలియును. ఇంటి ముంగిట దినమును నీరు చల్లు తల్లికి వాటము తెలియును. నీటిగొట్టముతో మట్టము చూచు పిల్లవానికి తరగతిలో వల్లించిన సూత్రము కన్నులకు కట్టును.

19వ శతాబ్ది ఆరంభమున స్కాట్లండు దేశీయుడైన జాన్ మెకాడం రహదారులను గూర్చి గ్రహించినదియు ఇదియే. బరువును మోయునది పొడి నేల. పైన పరచిన చిన్న రాళ్లు ఆ నేలను తడవనీయక కాపాడుటకే. కావున బాట వేయుట యనగా ముందు నీటికి దారి చూపుట.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. తమ బాటను ఎత్తు చేసి, సిమెంటు పోసి, నీటిని పొరుగువారి పల్లపు గడపకు మళ్లించువారు అరుదు కారు. అది బాగుచేయుట కాదు, బాధను ప్రక్కింటికి పంపుట. 2024 సెప్టెంబరు 1వ తేదీన ఆకేరు పొంగి మరిపెడ మండలములోని సీతారాం తండాను ముంచినది. వరంగల్–ఖమ్మం రహదారిపై రాకపోకలు నిలిచినవి. అంతటి వరదకు ఇంటి బాటలు కారణమును కావు, అడ్డును కావు. అయినను నీటికి దారి వదలక తప్పదని ఆ ప్రాంతపు పిల్లలు నాడు కన్నులార చూచినారు.

పార పట్టుట నామోషీ యనువారు కలరు. ఆ భావము వెనుక చరిత్ర యున్నది. నిజాం రాజ్యమున దొరలకు వెట్టి చేసిన తరముల వారికి మట్టిపని అవమాన చిహ్నమైనది. కాని అవమానము పారలో లేదు. కూలి యీయక, ఇష్టము నడుగక చేయించుటలో నున్నది. అట్లే, పిల్లల మాట వినక ఆజ్ఞాపించి చేయించిన ఇంటిపనియు వెట్టివంటిదే యగును. శక్తికి మించిన పనికి కూలివానిని పిలిచినచో పూర్తి కూలి యీయవలెను.

ఉపాధ్యాయులు ఈ పనిని పాఠముగా చెప్పదలచినచో విద్యార్థులను ఒక్క ప్రశ్న అడిగిన చాలును: "మీ ఇంటి నీరు ఎవరి గడపకు పోవుచున్నది?" దానికి సమాధానము వెదకిన పిమ్మటనే పార చేతబట్టవలెను.