వైన్ షాపులో దొరకని వైను
నాసిక్ ద్రాక్ష వ్యాపారం జిల్లా రైతుకు నేర్పే పాఠం

చేవెళ్ల: పల్లెల్లో కూడలికొకటిగా వెలసిన దుకాణాల మీద "వైన్స్" అని పెద్ద అక్షరాల బోర్డు ఉంటుంది. లోపల అమ్మేది బ్రాందీ, విస్కీ, బీరు. ద్రాక్షరసం పులియబెట్టి తీసిన అసలు వైను అడిగితే ఏ మూలనో ఒకటి రెండు సీసాలు దుమ్ముకొట్టుకుని ఉంటాయి, లేదా ఉండనే ఉండవు. పేరు ఊరూరికీ తెలిసి, సరుకు మాత్రం తెలియని ఈ వైను చుట్టూ పొరుగున ఉన్న మహారాష్ట్రలో పాతికేళ్లుగా ఒక పెద్ద పరిశ్రమ పెరిగింది. వేలాది ఎకరాల ద్రాక్ష దాని కోసమే పండుతోంది. "పర్యావరణానికి హాని చేయం, కొనేవాడి మనసెరిగి అమ్ముతాం" అన్నవి ఆ వ్యాపారానికి రెండు కళ్లు. ఒకప్పుడు ద్రాక్షకు పేరెక్కిన రంగారెడ్డి జిల్లా రైతాంగం ఈ మాటల వెనుక ఉన్న లెక్కను తెలుసుకోవడం అవసరం.

ఒకనాటి పందిళ్లు

హైదరాబాదు చుట్టుపట్ల మేడ్చల్, శామీర్‌పేట, శంషాబాద్, మొయినాబాద్ ప్రాంతాలలో ఒక తరం కిందట ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే. అనాబ్-ఎ-షాహీ రకం ఇక్కడి నుంచే పేరు తెచ్చుకుంది. తర్వాత గింజలేని థామ్సన్ వచ్చింది. రైతుకు సలహా చెప్పడానికి రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రమే ఏర్పడింది. అయితే బోర్లు ఎండిపోవడం, అకాల వర్షాలకు గుత్తులు కుళ్లిపోవడం, మందుల ఖర్చు పెరగడం ఒకవైపు, నగరం పెరిగి ప్లాట్ల ధర పంట ధరను మింగేయడం మరొకవైపు తోటలను తుడిచిపెట్టాయి. పందిళ్లు పోయిన చోట ఇప్పుడు కాంపౌండు గోడలున్నాయి. మిగిలిన కొద్దిమంది ద్రాక్ష రైతులు "మరో దారి ఉందా?" అని నాసిక్ వైపు చూడడంలో ఆశ్చర్యం లేదు.

గోదావరి పుట్టిన చోట

నాసిక్ పక్కన త్ర్యంబకంలో గోదావరి పుడుతుంది. ఆ నది మీద కట్టిన గంగాపూర్ డ్యాం దగ్గర, 1990 దశకం చివర, అమెరికాలో ఉద్యోగం వదిలి వచ్చిన రాజీవ్ సామంత్ అనే ఇంజనీరు తమ కుటుంబ భూమిలో వైను ద్రాక్ష నాటారు. సూలా పేరుతో 2000లో తొలి వైను అమ్మకానికి వచ్చింది. మరుసటి ఏడాదే, 2001లో, మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష శుద్ధి పరిశ్రమల విధానాన్ని ప్రకటించి రాయితీలు ఇచ్చింది. దాంతో చిన్నా పెద్దా వైనరీలు పుట్టగొడుగుల్లా లేచాయి. 2022 డిసెంబరులో సూలా షేర్లు స్టాక్ మార్కెట్టుకెక్కాయి. నేడు దేశీయ వైను వ్యాపారంలో అదే పెద్ద పీట వేసుకుని కూర్చుంది.

షోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఇటలీ భాగస్వామ్యంతో ఫ్రాటెల్లి, బెంగుళూరు శివార్లలో నందికొండల కింద గ్రోవర్ కంపెనీ ఇదే బాటలో నడిచాయి. కర్ణాటక 2007లో తన సొంత విధానం తెచ్చి వైను బోర్డును కూడా పెట్టింది.

సీసా కాదు, తోటనే చూపించారు

మన దేశంలో మద్యానికి టీవీలో ప్రకటనలివ్వడం నిషిద్ధం. పైగా వైను తాగే అలవాటు జనంలో చాలా తక్కువ. ఎక్సైజు రాష్ట్రాల చేతిలో ఉంది గనుక ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పన్ను, ఒక్కో లైసెన్సు. ఇన్ని అడ్డంకుల మధ్య సరుకు ఎలా అమ్మాలి? నాసిక్ వ్యాపారులు కనిపెట్టిన ఉపాయం ఒక్కటే. సీసాను జనం దగ్గరికి పంపడం కష్టమైతే, జనాన్నే తోట దగ్గరికి రప్పించడం.

2005లో సూలా తోట మధ్యనే రుచి చూసే గది తెరిచారు. బొంబాయి, పూనా వాళ్లు కారెక్కి వస్తే ద్రాక్ష ఎలా పండుతుందో, రసం ఎలా పులుస్తుందో చూపించి, గుక్కెడు రుచి చూపి, నచ్చిన సీసా చేతికిస్తారు. తర్వాత అక్కడే బస, భోజనం, 2008 నుంచి పాటల పండుగ. ఏటా లక్షల మంది వస్తున్నారు. ఇలా అమ్మిన సీసాలో దళారీ వాటా ఉండదు. వచ్చినవాడు పదిమందికి చెప్పే మాటే ప్రకటన. కొత్తగా తాగేవాళ్లకు తియ్యటి రకాలు, చిన్న సీసాలు, రేకు డబ్బాల్లో వైను తెచ్చారు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే. కాకపోతే ఇక్కడ చెట్టును కూడా చూపించి మరీ అమ్ముతున్నారు.

నీళ్లు, ఎండ, సీసా బరువు

చదువుకున్న కొనుగోలుదారుడు ఈ రోజుల్లో "ఈ సరుకు తయారీలో నేలకు, నీటికి ఏం హాని జరిగింది?" అని కూడా అడుగుతున్నాడు. అందుకే వైనరీలు తమ పర్యావరణ లెక్కలను గట్టిగా చాటుకుంటున్నాయి. డ్రిప్పుతో నీరు పెట్టడం, వాననీటి చెరువులు తవ్వడం, కప్పుల మీద సౌర పలకలు, పిండిన పిప్పిని ఎరువుగా తోటకే వేయడం అందులో భాగం. తన కరెంటులో సగానికి పైగా ఎండ నుంచే వస్తోందని సూలా చెబుతోంది.

ఈ పనుల్లో మేలు ఉంది. అయితే రెండు సంగతులు గమనార్హం. ఒకటి, వైను వల్ల గాలిలో కలిసే బొగ్గుపులుసు వాయువులో పెద్ద వాటా గాజు సీసాది. సీసా కాల్చడానికి కొలిమి కావాలి, మోయడానికి లారీ కావాలి. బరువైన సీసా చూస్తే సరుకు ఖరీదైనదన్న భ్రమ కొనేవాడికి కలుగుతుంది. అంటే పర్యావరణం పేరు చెప్పే వ్యాపారమే, కొనేవాడిని మెప్పించడానికి బరువు సీసా వాడవలసి వస్తోంది. ఈ తిరకాసును గ్రహించి విదేశాల్లోని పెద్ద దుకాణాలు సీసా బరువు తగ్గించాలని 2023లో ఒప్పందం చేసుకున్నాయి.

రెండవది నీరు. డ్రిప్పు వేసినా ద్రాక్ష నీరు తాగే పంటే. వైనరీలో తొట్లు, పీపాలు కడిగిన నీళ్లను శుద్ధి చేయకుండా వదిలితే వాగులు పాడవుతాయి. నాసిక్‌లో పారే గోదావరే కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగు పెడుతుందన్నది మరువరాదు. ఎగువన నదిని ఎంత శుభ్రంగా ఉంచితే దిగువన అంత మేలు.

రైతుకు ఒరిగిందేమిటి?

వైను ద్రాక్ష తినే ద్రాక్ష కాదు. గింజ చిన్నది, తోలు మందం, లోపల విత్తనాలు. ఏ సంతకు తీసుకెళ్లినా తినడానికి ఎవరూ కొనరు. తినే ద్రాక్ష రైతు బాటసింగారం మార్కెట్లో ఒక వ్యాపారి ధర తగ్గిస్తే ఇంకొకడి దగ్గరికి పోగలడు. వైను ద్రాక్ష రైతుకు కొనేది కంపెనీయే. అందుకే అక్కడ ఏళ్ల తరబడి ఒప్పందం రాసుకుంటారు. రసంలో తీపి పెరగాలని దిగుబడిని కావాలనే తగ్గిస్తారు. తినే ద్రాక్షతో పోలిస్తే ఎకరానికి వచ్చే టన్నులు తక్కువ. గుత్తుల అందం కోసం చేసే చాకిరీ, కూలి ఖర్చు కూడా తక్కువే. ఒప్పందం నిలిచినన్నాళ్లు ధర ముందే తెలిసి ఉండడం రైతుకు గొప్ప ఊరట.

నిలవకపోతే? 2008లో ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం వచ్చింది. అదే ఏడాది నవంబరులో బొంబాయి మీద ఉగ్రవాదుల దాడి జరిగి హోటళ్లు వెలవెలబోయాయి. వైను అమ్మకాలు పడిపోయాయి. తొట్లలో సరుకు నిలిచిపోవడంతో కొన్ని వైనరీలు పంట కొనడం తగ్గించాయి, కొన్ని మూతపడ్డాయి. మహారాష్ట్రలో ఎందరో రైతులు బంగారంలా పెంచుకున్న వైను తీగలను వేళ్లతో పెకలించి మళ్లీ తినే రకాలు వేసుకున్నారు. పట్నంలో ఒకడు గ్లాసు పక్కన పెడితే పల్లెలో ఒకడు తీగ పీకవలసి వచ్చిందన్నమాట. వినియోగదారుడి చుట్టూ తిరిగే వ్యాపారానికి ఇది రెండవ ముఖం.

పరదేశం పోటీ కూడా పొంచి ఉంది. దిగుమతి వైను మీద 150 శాతం సుంకమే ఇన్నాళ్లూ మన ద్రాక్షకు కంచె. 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చిన ఆస్ట్రేలియా ఒప్పందం ప్రకారం ఒక మోస్తరు ఖరీదు దాటిన ఆ దేశపు వైను మీద సుంకం ఏటేటా తగ్గుతోంది. కంచె పలచబడితే ఆ ఒత్తిడి చివరకు రైతు ధర మీద పడకుండా ఉండదు.

పంటా? మద్యమా?

ఇదంతా మద్యం వ్యాపారమే గదా అన్న ప్రశ్న న్యాయమైనది. మహారాష్ట్రలో 2022 జనవరి 27న, పెద్ద కిరాణా దుకాణాల్లో వైను అమ్ముకోనివ్వాలని మంత్రివర్గం నిర్ణయించింది. పండ్ల రైతుకు మేలు అన్నది ప్రభుత్వ వాదన. ఉప్పుపప్పుల పక్కన సీసా పెడతారా అని ప్రతిపక్షాలు మండిపడ్డాయి. అన్నా హజారే నిరాహార దీక్ష చేస్తానన్నారు. చివరకు ఆ నిర్ణయం అమలుకు నోచుకోలేదు.

తెలుగు నేలకు ఈ చర్చ కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు లేవదీసిన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలింది. సారా ప్యాకెట్టుకు, ఖరీదైన వైను సీసాకు తేడా ఉండవచ్చు. ఇంట్లో గిన్నె ఎండిన ఆడబిడ్డకు ఆ తేడా చెప్పి ఒప్పించడం కష్టం. రైతు మేలు అనే మాటను అడ్డు పెట్టుకుని అమ్మకపు గేట్లన్నీ ఎత్తేస్తే మళ్లీ అదే కథ మొదలవుతుంది.

అడగవలసిన ప్రశ్నలు

వైను ద్రాక్షే కానివ్వండి, ఆయిల్‌పామే కానివ్వండి, కంపెనీని నమ్మి వేసే ఏ పంటకైనా నాసిక్ అనుభవం పనికొస్తుంది. ఒప్పందం ఎన్నేళ్లు? అమ్మకం పడిపోయిన ఏడాది ధర ఎంత, పంట ఎత్తే పూచీ ఎవరిది? నాణ్యత తూచేది ఎవరు, రైతు ఎదుటనేనా? బోరు మూడేళ్లు వరసగా ఆ పంటకు నీళ్లివ్వగలదా? ఈ నాలుగింటికి కాగితం మీద జవాబు వచ్చాకే గుంత తీయాలి.

నాసిక్ నుంచి నేర్చుకోదగిన మంచి కూడా ఉంది. కొనేవాడిని తోటకు రప్పించి, ఎదుటే అమ్మి, దళారీని తప్పించిన పద్ధతికి సారాయి వాసన అక్కరలేదు. మహానగరం గుమ్మంలోనే ఉన్న ఈ జిల్లాలో జామ, మామిడి, కూరగాయల రైతులు నలుగురు కలిసి ఆదివారం నాడు తోట గేటు తీస్తే పట్నవాసులు వచ్చి కోసుకుని కొనుక్కుపోతారు. ఉద్యానశాఖ అధికారులు ఈ దిశగా రైతు సంఘాలకు తోడ్పడవలసిన అవసరం ఎంతైనా ఉంది. నేలకు మేలు, కొనేవాడికి తృప్తి అన్న రెండు కాళ్ల మీదే వ్యాపారం నడవదు. పండించినవాడికి గిట్టుబాటు అన్న మూడో కాలు ఉంటేనే పీట నిలుస్తుంది.