గుమాస్తా లేని అంగడి

చిన్న వ్యాపారి పన్ను ఎగవేస్తాడన్న మాట మనం తరచుగా వింటాం. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి, పదవీ విరమణ తర్వాత మా బస్తీ వ్యాపారుల కాగితాలు చూసిపెడుతున్న నాకు కనిపిస్తున్న వాస్తవం వేరు. వారిని కుంగదీస్తున్నది పన్ను కాదు, పన్ను లెక్క అప్పగించే పద్ధతి. 2017 జూలై 1న అమలులోకి వచ్చిన జీఎస్టీ చట్టం, ప్రతి అంగడిలోనూ లెక్కలు రాసే గుమాస్తా ఒకడు, కంప్యూటరు ఒకటి తప్పక ఉంటాయని ఊహించుకుని నడుస్తున్నది. గుమాస్తా లేని అంగడికి ఆ ఊహ ఖరీదైన శిక్షగా పరిణమిస్తున్నది.

ఇది మన కుటుంబాలకు దూరపు సమస్య కాదు. ముస్లింలలో జీతపు ఉద్యోగాల కంటే స్వయం ఉపాధిపై ఆధారపడేవారు ఎక్కువని సచార్ కమిటీ 2006లోనే నమోదు చేసింది. వెల్డింగు షాపు, పాత ఇనుము కొట్టు, మెకానిక్ షెడ్డు, ఫర్నిచర్ పని, బేకరీ ఇవే మన ఇళ్లలో పొయ్యి వెలిగిస్తున్నాయి. తండ్రి పనిచేస్తాడు, కొడుకు సరుకు తెస్తాడు, లెక్క మాత్రం జేబులోని చీటీల మీద ఉంటుంది.

ఇక గడువుల సంగతి చూద్దాం. మామూలు పద్ధతిలో అమ్మకాల వివరాలు మరుసటి నెల 11వ తేదీలోగా, పన్ను లెక్క 20వ తేదీలోగా సమర్పించాలి. ఏడాదికి 5 కోట్ల రూపాయల లోపు టర్నోవరు గలవారు మూడు నెలలకొకసారి సమర్పించే వెసులుబాటు 2021 జనవరి నుండి వచ్చింది. అయినా మొదటి రెండు నెలలూ 25వ తేదీ లోపు పన్ను కట్టాలి. మూడు నెలలూ ముగిశాక మన రెండు రాష్ట్రాలలో 13న ఒక రిటర్ను, 22న మరొకటి. అంటే మూడు నెలలలో నాలుగు గడువులు. తప్పితే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, కట్టవలసిన పన్నుపై సాలీనా 18 శాతం వడ్డీ. జబ్బు చేసి అంగడి మూసుకున్నా ‘అమ్మకాలు లేవు’ అని రిటర్ను వేయాల్సిందే. మరచిపోతే రోజుకు 20 రూపాయలు. ఈ రుసుములకు గరిష్ఠ పరిమితి ఉన్న మాట నిజమే. అయితే ఆరు నెలల పాటు రిటర్నులు దాఖలు కాకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం శాఖకు ఉంది. రద్దయిన అంగడి పన్ను బిల్లు ఇవ్వలేదు. బిల్లు ఇవ్వలేని వాడికి పెద్ద కంపెనీ పని ఇవ్వదు.

దీనికి కాంపోజిషన్ పథకం ఉంది కదా అంటారు. ఏడాదికి కోటిన్నర లోపు టర్నోవరు గల వర్తకులు ఒక శాతం పన్నుతో సరిపెట్టుకోవచ్చు. మంచి పథకమే. కాని అందులో చేరినవారు కొనుగోలుదారుని నుండి పన్ను వసూలు చేయరాదు, ఇతర రాష్ట్రాలకు సరుకు అమ్మరాదు. కాంట్రాక్టర్లకు, కంపెనీలకు సరుకిచ్చేవారికి అది పనికిరాదు. కాస్త ఎదుగుదామనుకున్న వాడికే ఆ దారి మూసుకుపోతుంది.

అన్నిటికంటే అన్యాయమైనది ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ నిబంధన. ఒక గ్రిల్సు షాపు యజమాని 5 లక్షల రూపాయల ఇనుము కొన్నాడనుకుందాం. 18 శాతం చొప్పున 90 వేల రూపాయల పన్నును అమ్మినవాడికే చెల్లించాడు, బిల్లు తీసుకున్నాడు. ఆ 90 వేలు తన పన్నులో మినహాయించుకోవడం అతని హక్కు. కాని అమ్మినవాడు తన రిటర్నులో ఆ బిల్లు చూపకపోతే మినహాయింపు లేదు. 2022 జనవరి నుండి ఇది మరింత కఠినమైంది. చూపి కూడా ఆ పన్నును ప్రభుత్వానికి జమ చేయకపోతే, కొన్నవాడు ఆ సొమ్మును వెనక్కి కట్టాలి. అమ్మినవాడు ఎప్పుడో కడితే తిరిగి పొందవచ్చునంటారు. వాడు దుకాణం ఎత్తేస్తే? తప్పు ఒకరిది, జరిమానా మరొకరిది. వసూలు చేసే అధికారం, సిబ్బంది ఉన్న ప్రభుత్వం, ఏ అధికారమూ లేని చిన్న కొనుగోలుదారునిపై ఆ భారం మోపుతున్నది.

మా కాలంలో కార్యాలయం నుండి తాఖీదు వెళితే, అందుకున్నవాని సంతకంతో కాగితం ఫైలుకు తిరిగి చేరేది. ఇప్పుడు పోర్టల్‌లో పెడితే చాలు, అందినట్టే చట్టం లెక్కిస్తుంది. మన వ్యాపారులలో చాలామంది రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన ఫోన్ నంబరు, ఈమెయిలు తమవి కావు, ఆడిటరువి. నోటీసు వచ్చిన సంగతి, జవాబు గడువు దాటిన సంగతి బ్యాంకు ఖాతా స్తంభించిన నాడు గాని తెలియదు. అప్పీలుకు మూడు నెలలు, అధికారి అంగీకరిస్తే మరొక నెల. వివాదంలో ఉన్న పన్నులో పదవ వంతు ముందుగా కట్టాలి. పోర్టల్ నోటీసు తెలియక నష్టపోయిన వ్యాపారులకు మద్రాసు హైకోర్టు అనేక కేసులలో మళ్లీ అవకాశం ఇచ్చింది. కాని పంక్చరు షాపు నడుపుకునేవాడు హైకోర్టు మెట్లెక్కగలడా?

పొరుగున కర్ణాటకలో 2025 జూలైలో జరిగినది మనకు హెచ్చరిక. యూపీఐ ద్వారా వచ్చిన సొమ్మును లెక్కగట్టి చిన్న దుకాణాలకు నోటీసులు పంపారు. పాలు, కూరగాయలు అమ్మేవారు సైతం బెంబేలెత్తి, క్యూఆర్ కోడ్ తీసేసి ‘నగదు మాత్రమే’ అని బోర్డులు పెట్టారు. ముఖ్యమంత్రి స్వయంగా వ్యాపారులతో మాట్లాడాక గాని ఆందోళన సద్దుమణగలేదు. బావమరిది పంపిన చేబదులు, కూతురి పెళ్లికి బంధువులు పంపిన సొమ్ము, అమ్మకపు సొమ్ము ఒకే ఖాతాలో పడితే యంత్రం తేడా తెలుసుకోలేదు.

దొంగ బిల్లులతో ఖజానాకు కన్నం వేసేవారున్నారన్నది నేనూ కాదనను. పన్ను సొమ్ముతోనే ప్రభుత్వ బడి, ఆసుపత్రి, మన పిల్లల స్కాలర్‌షిప్పు నడుస్తాయి. దొంగను పట్టుకోవలసిందే. అయితే దొంగకు తెలివైన ఆడిటరు ఉంటాడు, వల అతన్ని పట్టదు. చిక్కుకునేది చీటీల మీద లెక్క రాసుకునేవాడే. 2025 సెప్టెంబరు 22 నుండి పన్ను శ్లాబులు తగ్గించారు. మంచిదే. కాని గడువులు, నోటీసుల పద్ధతి, క్రెడిట్ నిబంధన తగ్గిన రేట్లతో పాటు మారలేదు.

కనుక మనం అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం. మొదటిది, సరుకుల వ్యాపారికి రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలుండగా తెలంగాణలో 20 లక్షల వద్దే ఉంది. దానిని పెంచాలి. రెండవది, అమ్మినవాడు పన్ను ఎగవేస్తే ముందుగా అతని నుండే వసూలుకు ప్రయత్నించాలి. బిల్లు, బ్యాంకు చెల్లింపు చూపిన కొనుగోలుదారుని వదిలిపెట్టాలి. మూడవది, చిన్న వ్యాపారికి నోటీసు స్పీడ్ పోస్టులో, అతనికి తెలిసిన భాషలో రావాలి. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూను రెండవ అధికార భాషగా ప్రకటించుకున్నాం. తెలుగు, ఉర్దూలలో ఒక నోటీసు పంపలేని ప్రకటనకు విలువేమిటి?

మన చేతిలో ఉన్నవీ చేద్దాం. రిజిస్ట్రేషన్‌లో సొంత ఫోన్ నంబరు, సొంత ఈమెయిలు ఉండేలా నేడే సరిచూసుకోండి. పాస్‌వర్డు ఆడిటరు వద్దే కాక మీ వద్దా ఉండాలి. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా తెరవండి. అమ్మకాలు లేని కాలానికి రిటర్ను ఎస్ఎంఎస్ ద్వారానైనా వేయవచ్చు. సరుకు అమ్మినవాడు మీ బిల్లును చూపాడో లేదో పన్ను కట్టేముందే పోర్టల్‌లో చూసుకోండి. మన పిల్లలలో బీకాం చదివినవారికి కొదవ లేదు. ప్రతి బస్తీలో ఇద్దరు ముగ్గురు ముందుకొచ్చి, గడువుకు వారం ముందు ఒక సాయంత్రం కూర్చుని ఇరుగుపొరుగు అంగళ్ల రిటర్నులు చూసిపెడితే, కనీసం ఆలస్య రుసుముల బెడద తప్పుతుంది. చట్టాన్ని మార్చమని అడిగే వినతిపత్రాలు ఎటూ రాయాల్సిందే. అవి ఢిల్లీలో కదిలేలోగా, మన వీధిలోని అంగడికి గుమాస్తా మనమే కావాలి.