గిఫ్ట్ కార్డుకు గడువెందుకు?

ఏం కొనివ్వాలో తోచని బంధుమిత్రులకు పండగలకు, పెళ్లిళ్లకు గిఫ్ట్ కార్డు ఇవ్వడం మన ఇళ్లలోనూ అలవాటుగా మారుతోంది. ఎదుటివారి అభిరుచి అంతుపట్టనప్పుడు ఎంపికను వారికే వదిలిపెట్టడం మర్యాదే, అందులో తప్పుపట్టవలసిందేమీ లేదు. ఆక్షేపణ అంతా ఆ కార్డులను అమ్మే తీరుపైనే. డబ్బు ముందే దుకాణానికి చేరుతుంది. గడువు దాటితే సరుకూ రాదు, సొమ్మూ తిరిగి రాదు. ఆన్‌లైన్ కొనుగోళ్లు అలవాటులేని పెద్దవాళ్లు ఇందులో ముందుగా నష్టపోతారు. బ్యాంకులు, ఇతర అధీకృత సంస్థలు జారీచేసే ప్రీపెయిడ్ గిఫ్ట్ కార్డులకు రిజర్వు బ్యాంకు 10,000 రూపాయల పరిమితిని, కనీసం ఏడాది చెల్లుబాటును నిర్దేశించింది. ఒక దుకాణం తన సరుకుల కోసమే అమ్ముకునే కార్డులు మాత్రం ఆ నిబంధనల వెలుపలే ఉన్నాయి. అమెరికా 2009లో చేసిన చట్టంతో దుకాణాల కార్డుల్లోని సొమ్ముకు సైతం కనీసం 5 ఏళ్ల రక్షణ కల్పించింది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇక్కడా అటువంటి హామీని తక్షణం తీసుకురావాలి. గడువు తేదీని స్థానిక భాషలో, పెద్ద అక్షరాల్లో ముద్రించాలని, కొనుగోలు తర్వాత కార్డులో మిగిలే చిన్న మొత్తాన్ని నగదుగా చెల్లించాలని దుకాణాలను ఆదేశించాలి.