కలం పేరుకు గుర్తింపు కార్డు

ఫేస్‌బుక్కులో మారుపేర్లతో రాసే కవులను పురస్కారాలకు పరిశీలించకూడదన్న మాట ఈమధ్య సాహిత్య సభల్లో గట్టిగా వినబడుతోంది. అసలు పేరు చెప్పుకునే ధైర్యం లేనివాళ్ళ రాతకు విలువేమిటని అడుగుతున్నారు. ఈ అడిగేవాళ్ళందరూ కలం పేర్లతో రాసిన ఆరుద్రను, ఆత్రేయను చదివి పెరిగినవాళ్ళే.

1965లో దిగంబర కవులు ఆరుగురూ కొత్త పేర్లతోనే వచ్చారు. బద్దం భాస్కరరెడ్డి చెరబండరాజు అయ్యారు. కుంభం యాదవరెడ్డి నిఖిలేశ్వర్ అయ్యారు; 2020 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ పేరుకే దక్కింది. కులం తోక కోసుకోవడం వాళ్ళ కవిత్వంలో భాగం. దాన్ని పిరికితనమని ఎవరంటారు?

అసలు పేరే ఉండాలన్న పట్టు ఫేస్‌బుక్కుదే. ఒక మనిషికి రెండు గుర్తింపులుంటే నిజాయితీ లేనట్టేనని దాని స్థాపకుడు జుకర్‌బర్గ్ ఒకప్పుడు అన్నాడు. అమెరికా విద్యార్థుల కోసం 2004లో పుట్టిన పద్ధతి ప్రపంచానికంతటికీ చట్టమైంది. జపాన్‌వాళ్ళు చాలామంది దానికి తలవంచలేదు, మారుపేర్లు ఒప్పుకునే ట్విట్టర్‌ వైపు మొగ్గారు. అమెరికాలోనే కొందరు ఆదివాసుల పేర్లు దొంగపేర్లని ఖాతాలు ఆపేశారు. 2015లో కేరళలో ఒక మహిళ అబ్దుల్ కలాంను విమర్శించారు. ఫిర్యాదులతో ఆమె ఫేస్‌బుక్ ఖాతా ఆగింది. గుర్తింపు కార్డు పంపాక తిరిగొచ్చిన ఖాతాలో, ఆమె వదిలేసిన కులం పేరు మళ్ళీ వచ్చి చేరింది.

మన దగ్గర పేరు ఒక్కటే చెబితే సరిపోదు. ఇంటిపేరేమిటంటారు, ఏ ఊరంటారు, ఎవరి తాలూకంటారు. ఆ మూడూ తెలిస్తే కులం తెలుస్తుంది, పద్యం చదవకముందే తీర్పు తయారవుతుంది. పైగా ఇక్కడ ఫేస్‌బుక్కంటే పిన్ని, ఆడపడుచు, ఆఫీసరు, కులసంఘం కార్యదర్శి అందరూ కూర్చున్న వసారా. అక్కడ తన దేహం గురించి, భర్త గురించి రాయాలనుకున్న కోడలికి, అగ్రహారం గురించి రాయాలనుకున్న దళిత విద్యార్థికి అసలు పేరుతో రమ్మనడమంటే రాయొద్దనడమే. ఆ షరతు పెట్టేవాళ్ళకు ఇంటిపేరు ఏనాడూ అడ్డు రాలేదు, దారి ఇచ్చింది. అందుకే అసలు పేరుతో రాయడం వాళ్ళకు ధైర్యంగా కనిపిస్తోంది.

మారుపేరు చాటున బూతులు తిట్టేవాళ్ళున్నారన్నది నిజమే. కానీ రచయిత్రుల మీద విరుచుకుపడే మందలో సొంత ఫొటో, కులం తోక పెట్టుకుని వచ్చేవాళ్ళకూ కొదవ లేదు. వాళ్ళను ఏ సభా వెలివేయలేదు.

మా పత్రికకు ఏ పేరుతో పంపినా రచన చదువుతాం, నచ్చితే అదే పేరుతో వేస్తాం. పారితోషికం కోసం ఇచ్చే వివరాలు సంపాదకుల దగ్గరే ఉంటాయి. ఏ పురస్కార న్యాయనిర్ణేతలు అడిగినా ఇవ్వం.