మేలుకట్టు

కారులో కూర్చున్నవాళ్ళు కిటికీలోంచి బైటికి చూస్తారు, లేకపోతే కునుకు తీస్తారు. తలెత్తి కప్పుకేసి చూసేవాళ్ళని నేనింతవరకు ఎరగను. నేనూ చూసినవాణ్ణి కాదు. మా నాన్నగారి 1970 నాటి అంబాసిడరు కప్పుగుడ్డ వొకనాడు జారివచ్చి నా బట్టతలని తాకేదాకా, అక్కడ గుడ్డ వుందన్న సంగతే నాకు తెలియదంటే మీరు నమ్మాలి.

అంబాసిడరు పుట్టుపూర్వోత్తరాలు పాఠకులకి తెలిసినవే. విలాయతీ మోరిస్ ఆక్స్‌ఫర్డు 1950ల చివర మన దేశపు బండి అయి కూర్చుంది. కలకత్తా పక్కనున్న ఉత్తరపాడా కర్మాగారంలో 2014 దాకా తయారైంది. ఇవాళ్టి కార్లలో లోపలి కప్పు అచ్చుపోసిన అట్ట. మా బండిలో డేరాలాగా ఇనపకమ్మీల మీద వేలాడదీసి, అంచులు లాగి అంటించిన గుడ్డ. దీన్ని ఇంగ్లీషువాళ్ళు హెడ్‌లైనింగు అంటారు, మా ఉస్తాద్ సీలింగు అంటాడు. తెలుగు పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి గనక నాకు తెలుగుమాట దొరికేదాకా అన్నం సయించలేదు. చాందినీ అందామా అంటే పెళ్ళిపందిరి గుర్తొస్తుంది. చివరికి మేలుకట్టు తట్టింది. పైన కట్టేది గనక మేలుకట్టు. పూర్వకవులు దాన్ని పట్టుబట్టతో, ముత్యాల కుచ్చులతో తప్ప కట్టనిచ్చేవారు కారు. నాది పుత్లీబౌలిలో కొన్న 54 అంగుళాల పన్నా రెగ్జిన్. మీగడరంగు.

మేలుకట్టు అంటే రాజులు జ్ఞాపకం వచ్చారు. చౌమహల్లా ప్యాలెసులో 1912 నాటి రోల్స్ రాయిస్ వుంది, చూసేవుంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ముచ్చటపడి పురమాయించాడు. బండి రాకముందే 1911లో ఆయన పోయాడు. కొడుకు ఎక్కాడు. మా ఇంట్లో కథ వేరు. నాన్నగారు ముప్ఫయ్యేళ్ళు తనివితీరా తిరిగి, చుట్టపొగతో కప్పంతా గోధుమరంగు చేసి, బండిని నాకు వదిలి వెళ్ళారు. నేను తొమ్మిదేళ్ళు దాన్ని పట్టా కప్పి వుంచాను.

ఈ ఏడు మా అమ్మాయికి అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చింది. ఆగస్టులో ప్రయాణం. "నాన్నా, నన్ను తాతయ్య కార్లో ఏర్‌పోర్టుకి దింపుతావా?" అంది. సరేనన్నాను. అటువంటి సమయంలో ఆడపిల్ల తండ్రి దేనికైనా సరేనంటాడు.

ఇంజనుకీ, రంగుకీ మనుషులు దొరికారు గాని, మేలుకట్టు కట్టేవాడు దొరకలేదు. ఆఖరికి శంషాబాదులో, విమానాల చప్పుడుకి మాట మధ్యలో ఆపవలసివచ్చే వొక రేకులషెడ్డులో కనిపించాడు మా ఉస్తాద్. అరవై దాటినవాడు. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి ఇటు మారక మునుపు లారీల సీట్లు కుట్టేవాడట, ఆ తరవాత టాక్సీల సీట్లు. బండిలోకి తల పెట్టి, పాతగుడ్డ వాసన చూసి, "పెద్దసారు చుట్టలు తాగుతుండె గదా," అన్నాడు. ఆ మాటతో బండి అతనికి వప్పగించేశాను.

మొదట ముందద్దం, వెనకద్దం తీసేశాడు. గుడ్డ అంచులు ఆ రబ్బరు కింద దాగుంటాయి గనక, అద్దాలు తియ్యకుండా సీలింగు వేస్తాననేవాణ్ణి నమ్మకూడదట. తరవాత కమ్మీలు వూడదీసి వొక్కొక్క దానికీ చీటీ కట్టాడు. చూడటానికి అన్నీ వొకటే. ఒక్కొక్కదాని వంపు వేరు, పొడుగు వేరు. తారుమారైతే గుడ్డ జన్మలో సాపుగా కూచోదు. తుప్పుని గరుకుకాయితంతో రుద్ది రంగు వేశాడు, లేకపోతే మొదటి వానాకాలానికే మచ్చ కిందికి దిగుతుందని. పాతగుడ్డ కుట్లు విప్పి, ఇస్త్రీ చేసి, అదే కొలతగా కొత్తది కత్తిరించాడు. గుడ్డ వీపున కమ్మీ దూర్చడానికి గొట్టంలాగా సంచులు కుట్టాలి. ఆ సంచిని చివరిదాకా వుంచితే పక్కల ముడతలొస్తాయి. రెండు కొసలా కొంచెం కొంచెం కత్తిరించుకుంటూ పోవాలి. ఎంత అన్నది కంటికే తెలియాలి. ఎక్కువ కత్తిరిస్తే తిరిగి అతికేది లేదు.

కప్పుమీద నడిమికి సుద్దగీత, గుడ్డమీద నడిమికి చిన్న గాటు. రెండూ కలిపి ముందుకీ వెనక్కీ లాగి క్లిప్పులు పెట్టాడు. పక్కలు ఆ తరవాత. "ఇప్పుడిక ఎండ రావాలె సార్. ఎండల గుడ్డ సాగుతది, మల్ల లాగాలె, మల్ల సాగుతది. రెండు దినాలైనంక సొల్యూషన్ పెడదాం," అన్నాడు.

ఆగస్టులో ఎండ ఎక్కడిది? మూడురోజులు ముసురు. నాలుగోరోజు రాత్రి విమానం.

"ఇవాళే అంటించెయ్, ఉస్తాద్," అన్నాను.

"తడిగాలి సార్. సొల్యూషన్ రెండు దిక్కుల పూసి, వేలుకు జిగటగ తగిలేదాంక ఆగాలె. గీ గాలిల పైన నెమ్ము పడ్తది. పట్టుకోదు."

ఛందస్సులో యతి తప్పిన విద్యార్థిని నేనెన్నడూ క్షమించలేదు. అట్లాంటివాణ్ణి ఆ రోజు ఉస్తాద్‌ని బతిమాలాను, కోప్పడ్డాను, మా అమ్మాయి పేరు చెప్పాను. అతను నాకేసి కాస్సేపు చూసి డబ్బా మూత తీశాడు. అద్దాలు బిగించాడు. తలుపులపైన గుడ్డ అంచుని కప్పే బీడింగు మాత్రం పెట్టనన్నాడు. "అది నేను పెట్ట సార్. మీరు తిరిగొస్తరు," అన్నాడు.

ఆ రాత్రి మా ఆవిడ నా పక్కన, అమ్మాయి వెనక, సామాను డిక్కీలో. ఆరాంఘర్ దాటేదాకా అందరం మేలుకట్టునే మెచ్చుకున్నాం. గగన్‌పహాడ్ దగ్గర పర్రుమని చప్పుడైంది. కుడివైపు అంచు తలుపు పొడుగునా వూడి అమ్మాయి తలమీద ముసుగులా పడింది. మా ఆవిడ కెవ్వుమంది. నేను బండి ఆపబోయాను.

"ఆపకు నాన్నా, టైమవుతోంది," అని, పిల్ల రెండు చేతులూ పైకెత్తి గుడ్డని పట్టుకుంది. సాతంరాయి దాటి, విమానాశ్రయం మలుపు తిరిగి, పై అంతస్తుకెక్కే వంతెన దాకా అలాగే పట్టుకుని కూర్చుంది. పడిపడి నవ్వింది. తరవాత నవ్వు ఆగిపోయింది. నేను అద్దంలోంచి చూశాను గాని ఏమీ అడగలేదు. చేతులు రెండూ పైనే వున్నాయి, కళ్ళు తుడుచుకోడానికి వీల్లేకపోయింది.

దింపే చోట బండి ఎక్కువసేపు ఆపనివ్వరు. తను చెయ్యి తీసింది, గుడ్డ పడింది, తను దిగింది.

మర్నాడు ఎండ కాసింది. బండి తీసుకుని శంషాబాదు వెళ్ళాను. నేను చెప్పబోతే ఉస్తాద్ చేత్తో వద్దన్నాడు. కుడివైపంతా వూడదీసి, ఆరిన సొల్యూషన్ని పొరలు పొరలుగా గీకేశాడు. గుడ్డమీద రెండు అరచేతుల గుర్తులున్నాయి. దుమ్మో, చమటో, ప్రయాణానికని పెట్టిన గోరింటాకో తెలియదు.

"సబ్బునీళ్ళతోని పోతయి. కడగమంటరా?" అన్నాడు.

వద్దన్నాను. అతను మళ్ళీ అడగలేదు. క్లిప్పులు పెట్టి, బండిని ఎండలోకి తోయించి, బీడ్డింగు కట్టని తలుపులు నాలుగూ తెరిచిపెట్టి, చాయ్ తెమ్మని కుర్రాణ్ణి కేకేశాడు. రెండు దినాలు కాదు, ఈసారి నాలుగు దినాలు పట్టింది.