తోట చుట్టూ గోడ ఎవరు కట్టారు?

మతగ్రంథాలు తిరగేసినా, కావ్యాలు తిరగేసినా ఎక్కడో ఒకచోట ఒక తోట కనిపిస్తుంది. ఆ తోటలో ఒక చెట్టు, ఆ చెట్టు దగ్గర ఒక ప్రలోభం. మనిషి లొంగిపోతాడా, నిలబడతాడా అన్నదే కథ. "ఆశపడకు, చెప్పిన మాట విను, హద్దు దాటకు" అన్నదే ఈ కథల నీతి అని మనకు చిన్నప్పటి నుంచి చెబుతూ వచ్చారు. ఆ నీతి అన్ని తోటలకూ సరిపోదని నా అభిప్రాయం. పండు తిన్నది ఎవరని మాత్రమే అడిగితే చాలదు. తోట చుట్టూ గోడ ఎవరు కట్టారు, ఎవరిని ఆపడానికి కట్టారు అని కూడా అడగాలి. హాస్టల్లో చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ ప్రశ్న మరీ అవసరం.

'ప్యారడైజ్' అనే మాటనే చూడండి. మనలో చాలామందికి అది సికింద్రాబాద్‌లో బస్సు దిగే చోటు, బిర్యానీ హోటలు. ఇంగ్లీషులో దానికి స్వర్గం అని అర్థం. కానీ ఆ మాట పుట్టింది ప్రాచీన ఇరాన్ భాషల్లో. అక్కడ దాని అసలు అర్థం 'చుట్టూ గోడ కట్టిన స్థలం'. అది గ్రీకు భాషలోకి వెళ్లి రాజుల ఉద్యానవనాలకు పేరయింది. తర్వాత బైబిల్ గ్రీకు అనువాదంలో ఏదెను తోటకు వాడారు. చివరకు స్వర్గానికే పేరయింది. అంటే స్వర్గం అనే మాటలోనే ఒక గోడ ఉందన్నమాట!

ఏదెను తోట కథ అందరికీ తెలిసిందే. ఆదాము హవ్వలు తినకూడదన్న పండు తిన్నారు, తోట నుంచి వెళ్లగొట్టబడ్డారు. బొమ్మల్లో ఆ పండును యాపిల్‌గా వేస్తారు గాని ఆదికాండంలో యాపిల్ అన్న మాట లేదు. లాటిన్‌లో చెడుకూ యాపిల్‌కూ దాదాపు ఒకే మాట ఉండటం వల్ల ఈ అలవాటు బలపడిందని అంటారు. అక్కడ ఉన్నది మంచిచెడుల తెలివినిచ్చే చెట్టు. దేవుడు అడిగినప్పుడు ఆదాము భార్యను చూపించాడు, ఆమె పామును చూపించింది. ఆ తర్వాత వందల ఏళ్లపాటు నింద మాత్రం ఎక్కువగా స్త్రీ మీదనే పడింది. అదే కథ ఖురాన్‌లోనూ ఉంది. అక్కడ ఇద్దరూ కలిసే మోసపోతారు, ఇద్దరూ కలిసే క్షమాపణ వేడుకుంటారు. నింద ఎవరి మీద పడాలన్నది కథను చెప్పేవారి చేతిలో ఉంటుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

విశ్వాసులు ఈ కథను దేవుని ఆజ్ఞకు విధేయులా కాదా అన్న పరీక్షగా చదువుతారు. అది వారి విశ్వాసం, దానిని నేను కాదనను. నా అభ్యంతరం వేరే చోట ఉంది. దేవుడు పెట్టిన హద్దు అని చెప్పి మనుషులే తోటి మనుషులకు హద్దులు పెట్టారు. మన దేశంలో తరతరాలుగా కొందరికి చదువే నిషిద్ధ ఫలం అయింది. కొందరికి ఊరి చెరువు నీళ్లు కూడా నిషిద్ధమే. మహాద్‌లోని చౌదార్ చెరువును అందరికీ తెరుస్తూ పురపాలక సంఘం తీర్మానం చేసినా, దళితులను ఆ నీళ్లు ముట్టనివ్వలేదు. 1927 మార్చి 20న డాక్టర్ అంబేద్కర్ వేలాది మందితో వెళ్లి ఆ నీళ్లు తాగారు. అది ప్రలోభమా? కాదు, హక్కు. వద్దన్నదల్లా పాపం కాదని చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు.

అలాగని ప్రలోభమే లేదంటామా? ఉంది. ఎలా ఉంటుందో మన రామాయణం చెబుతుంది. అశోకవనం అంటే శోకం లేని వనం అని అర్థం. కానీ అందులో సీత శోకంతోనే గడిపింది. రావణుడు పట్టమహిషి పదవి ఇస్తానన్నాడు, సంపదలు ఇస్తానన్నాడు, చివరకు రెండు నెలలే గడువన్నాడు. వాల్మీకి రామాయణంలో ఆమె తనకూ అతనికీ మధ్య ఒక గడ్డిపోచను పెట్టి జవాబు చెబుతుంది. రావణుడు కట్టుకున్న తోట గోడ ఎంత పెద్దదైనా, ఆమె నిలబెట్టిన ఆ గడ్డిపోచను దాటలేకపోయాడు. ఇక్కడ తోటే జైలు, తోట యజమానే ప్రలోభం.

సిద్ధార్థుడి కథలో ప్రలోభం ఇంకా మెత్తగా వస్తుంది. అశ్వఘోషుడి 'బుద్ధచరితం'లో రాకుమారుడు ఉద్యానవనానికి బయలుదేరతాడు. తండ్రి శుద్ధోదనుడు దారిలో ముసలివాళ్లు, రోగులు, అవిటివాళ్లు, దీనులు కనబడకుండా తప్పించమని ఆజ్ఞ ఇస్తాడు. బాధ కనబడకపోతే కొడుకు ఇల్లు విడవడని ఆయన ఆశ. తోటలో ఆటపాటలు, అందమైన స్త్రీలు అన్నీ సిద్ధం చేయించాడు. అయినా సిద్ధార్థుడు దారిలో చూసిన ముసలితనాన్ని, రోగాన్ని, చావును మరచిపోలేకపోయాడు. పక్కవాడి కష్టం కంటబడకుండా చేసే సుఖమే అసలైన ప్రలోభం అని నాకు ఈ కథ వల్ల అర్థమైంది.

బౌద్ధంలోనే ఇంకో తోట ఉంది. వైశాలి నగరంలో ఆమ్రపాలి పేరుపొందిన వేశ్య. లోకం దృష్టిలో ఆమే ఒక ప్రలోభం. ఆమె బుద్ధుణ్ణి భోజనానికి పిలిచింది. ఆ అవకాశం మాకు ఇవ్వు, లక్ష ఇస్తామని లిచ్ఛవి ప్రభువులు అడిగారు. వైశాలి మొత్తం ఇచ్చినా ఇవ్వనని ఆమె చెప్పింది. తర్వాత తన మామిడితోటను సంఘానికి దానం చేసింది. ప్రభువుల డబ్బుకు లొంగనిదీ ఆమే, తోట తలుపు తెరిచిందీ ఆమే.

ఆస్కార్ వైల్డ్ 1888లో పిల్లల కోసం రాసిన 'సెల్ఫిష్ జెయింట్' కథ కూడా ఇదే చెబుతుంది. బడి వదలగానే పిల్లలు రాక్షసుడి తోటలో ఆడుకునేవారు. అతను ఎత్తైన గోడ కట్టి వాళ్లను వెళ్లగొట్టాడు. ఆ తోటలోకి వసంతం రావడం మానేసింది. గోడకున్న కన్నంలోంచి పిల్లలు దూరి వచ్చాకే చెట్లు పూశాయి. అప్పుడు అతనే గొడ్డలి తీసుకుని గోడ పడగొట్టాడు.

ఈ తోటలన్నీ కలిపి చూస్తే ఒక కొలబద్ద దొరుకుతుంది. నీ ముందున్నది నిన్ను ఎదగనిచ్చేదా, నిన్ను బానిసను చేసేదా? చదువు, పుస్తకం, మంచి ఉద్యోగం, ప్రశ్నించే ధైర్యం మనకు తగవని ఎవరైనా అంటే అది వారు కట్టిన గోడ. దాన్ని దాటడం అత్యాశ కాదు. స్టడీ అవర్‌లో దుప్పటి కింద వెలిగే ఫోను, ఒక్క రాత్రిలో డబ్బు రెట్టింపు చేస్తామనే బెట్టింగ్ యాప్, ఓటు కోసం చేతిలో పెట్టే సీసా వేరే రకం. అవి మనల్ని ఆపే గోడల్లా కనబడవు, తలుపులు బార్లా తెరిచి రమ్మంటాయి. వాటి ముందు సీతలాగా ఒక గడ్డిపోచ పెట్టుకోవాలి.

ఇక ఈ హాస్టల్లో చదివి ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలకు, అక్కలకు ఒక మాట. మనకు దొరికిన తోట శుద్ధోదనుడి తోట కాకుండా చూసుకోవాలి. ఫ్లాటు, కారు, పిల్లల కార్పొరేట్ స్కూలు తప్పు కాదు. వాటి మధ్య ట్రంకు పెట్టె పట్టుకుని హాస్టల్ గేటు దగ్గర నిలబడిన ఆరో తరగతి పిల్లవాడు కనబడకపోతేనే తప్పు. వార్షికోత్సవానికి వచ్చి ఫోటో దిగి వెళ్లడంతో సరిపెట్టుకోవద్దు. నెలకొక ఆదివారం వచ్చి లెక్కలో, ఇంగ్లీషో చెప్పండి. పదో తరగతి తర్వాత ఏం చదవాలో తెలియని వారికి దారి చూపండి. ఒక తరం దాటిన గోడకు తర్వాతి తరం కోసం తలుపు పెట్టే బాధ్యత మనదే.